గులాం అహ్మద్‌కే నా ఓటు

ఆ కందికట్టె ఇంకో నాలుగు పుల్లలు ఇటు పడేయండి అబ్బాయిలూ. పచ్చివి వద్దు, కళ్ళ నిండా పొగ. ఈ ధనుర్మాసపు చలికి పత్తికట్టె కంటే కందికట్టే మేలు, నిలిచి కాలుతుంది. ఆఁ, ఇప్పుడు దగ్గరికి జరిగి కూర్చోండి. పొద్దుగూకినప్పటి నుంచీ వింటున్నాను, మీ తగువు తెగేట్టు లేదు.

అమెరికా నుంచి వచ్చిన వీడేమో, ఎవరో బేస్‌బాల్ పిచ్చర్ ఆట మానేసి ఐదేళ్ళయింది, ఆయన్ని వాళ్ళ హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి తీసుకోకూడదు అంటాడు. రెండు వందల గెలుపులు కూడా లేవు కదా తాతయ్యా అని వీడి వాదన. గెలుపులు లెక్కపెట్టడానికి గుమాస్తా చాలురా, ఓటు వెయ్యడానికి మనిషెందుకు అని వీడి అన్న వాదన. ఆ ఆట నేను చూసింది లేదు. వీడు చెబితేనే తెలిసింది: న్యూయార్క్ రాష్ట్రంలో కూపర్స్‌టౌన్ అనే చిన్న ఊళ్ళో ఆ హాలు ఉందట, పత్రికలవాళ్ళు ఓట్లేస్తారట, నూటికి 75 పడితేనే లోపలికి రానిస్తారట. శాండీ కోఫాక్స్ అనే ఆయనకు ఉన్నవి 165 గెలుపులే. మోచేతి కీలు పాడైపోయి 30 ఏళ్ళకే ఆట వదిలేశాడు. అయినా 1972లో, 36 ఏళ్ళ వయసులో, అందరికంటే చిన్నవాడుగా ఆయన్ని లోపలికి తీసుకున్నారు. 324 గెలుపులున్న డాన్ సట్టన్‌ను మాత్రం మళ్ళీ మళ్ళీ నిలబెట్టి, చివరికి 1998లో ఒప్పుకున్నారు. ఈ సంగతి వినగానే నాకు ప్రాణం లేచొచ్చింది. ఇన్నేళ్ళుగా నేను చెబుతున్నది అదే కదా! లెక్క ఒక్కటే చాలదు. ఆ మనిషి ఏ రోజుల్లో ఆడాడు, ఎవరి మీద ఆడాడు, ఎవరికి దారి వేసి వెళ్ళాడు, అదీ చూడాలి.

మన దగ్గరా ఒకాయన ఉన్నాడు. గులాం అహ్మద్. హైదరాబాదు ఆఫ్‌స్పిన్నరు. మీలో ఎంతమందికి ఆ పేరు తెలుసు? చూశారా, ఒక్కడూ చెయ్యెత్తలేదు. సిరాజ్ అంటే మాత్రం ఈ చలిలో కూడా లేచి నిలబడతారు. తప్పు మీది కాదు, చెప్పాల్సినవాళ్ళం చెప్పలేదు. ఇవాళ చెబుతాను.

మొదట మన ఊరి సంగతి తెలియాలి, లేకపోతే ఈ కథ సగమే అర్థమవుతుంది. ఇప్పుడు మనది ఎన్‌టీఆర్ జిల్లా అంటున్నారు. నేను పుట్టేనాటికి ఇది కృష్ణా జిల్లా, మద్రాసు రాజధాని కింద ఉండేది. జగ్గయ్యపేట దాటి కాస్త పడమటికి పోతే నైజాం సరిహద్దు. అటు హాలీ సిక్కా, ఇటు కల్దారు రూపాయి. అటు నుంచి ఇటు సరుకు రావాలంటే కరోడ్‌గిరి నాకాలో సుంకం కట్టాలి. మునగాల పరగణా అయితే నైజాం నేల మధ్యలో ఉండి కూడా మన నందిగామ తాలూకాలోదే. ఒకే భాష, ఒకే పండగలు, పెనుగంచిప్రోలు తిరుపతమ్మ తిరునాళ్ళకు రెండు వైపులవాళ్ళూ బండ్లు కట్టుకొని వచ్చేవాళ్ళు. కానీ పాలన వేరు.

1947, 48లలో రజాకార్ల బాధ పడలేక అటు నుంచి జనం మూటాముల్లె నెత్తిన పెట్టుకొని జగ్గయ్యపేటకు వచ్చేవాళ్ళు. మా ఇంటి చావిట్లో కూడా ఒక కుటుంబం కొన్నాళ్ళు తలదాచుకుంది. మా అమ్మ, అంటే మీ జేజమ్మ, రెండు పొయ్యిలు వెలిగించేది. నేను అప్పటికి బిళ్ళంగోడు ఆడుకునే పిల్లవాణ్ణి. 1948 సెప్టెంబరు 13న పోలీసు చర్య మొదలైంది. బెజవాడ వైపు నుంచి సైన్యం ఈ రోడ్డు మీదుగానే, అదిగో ఆ చింతల వెనక కనిపించే ఈ హైవే మీదుగానే, సూర్యాపేట వైపు వెళ్ళింది. లారీల దుమ్ము ఇంకా నా కళ్ళలో ఉంది. నాలుగైదు రోజుల్లో నైజాం లొంగిపోయాడు.

ఎందుకు చెబుతున్నానంటే, ఆ సెప్టెంబరు గడిచి డిసెంబరు వచ్చింది. సరిగ్గా డిసెంబరు 31న కలకత్తా ఈడెన్ గార్డెన్స్‌లో వెస్టిండీస్ మీద ఇండియా టెస్టు మొదలైంది. ఆ జట్టులో తొలిసారి ఆడిన కుర్రాడు హైదరాబాదు గులాం అహ్మద్. మూడున్నర నెలల కిందట సైన్యం పంపి కలుపుకున్న గడ్డ మీదివాడు ఇండియా టోపీ పెట్టుకొని బంతి పట్టుకున్నాడు. అప్పుడు నాకు ఇదేమీ తెలియదు. ఏళ్ళు గడిచాక తేదీలు పక్కపక్కన పెట్టి చూసుకుంటే గుండె ఝల్లుమంది. ఈ దేశం ఎలా కలిసిందో చెప్పడానికి పెద్ద పెద్ద పుస్తకాలు రాశారు. నన్నడిగితే ఆ ఒక్క స్కోరుకార్డు చూడమంటాను. ఆ మ్యాచ్‌లో ఎవర్టన్ వీక్స్ రెండు ఇన్నింగ్స్‌లోనూ సెంచరీలు కొట్టాడు. అలాంటివాడి ముందు బౌలింగ్ వేస్తూ మొదలైంది గులాం అహ్మద్ టెస్టు బతుకు.

నాకు క్రికెట్ పిచ్చి పట్టింది నందిగామ హైస్కూలు రోజుల్లో. మాకు లెక్కలు చెప్పే మాస్టారు ఒకాయన ఉండేవారు. బజారులో పొగాకు వ్యాపారి ఒకరింట్లో బ్యాటరీ రేడియో ఉండేది. కామెంటరీ అంతా ఇంగ్లీషే. మాస్టారు అరుగు మీద కూర్చొని, చెవి అటు పెట్టి, మాకు తెలుగులో చెప్పేవారు. 'ఒరేయ్, బంతి పడ్డాక లోపలికి తిరిగింది, వాడు బ్యాటు అడ్డం పెట్టాడు, ప్యాడ్‌కు తగిలింది, అందరూ అరుస్తున్నారు' అని ఆయన చేతులు తిప్పుతూ చెబుతుంటే మాకు మద్రాసు చేపాక్కం నందిగామ బజార్లోకి దిగొచ్చినట్టే ఉండేది.

చేపాక్కం అన్నాను కదా, 1952 ఫిబ్రవరి సంగతి అది. ఇంగ్లండ్ మీద ఐదో టెస్టు. మొదటి రోజే ఇంగ్లండు రాజు ఆరో జార్జి పోయాడని కబురొచ్చింది. ఫిబ్రవరి 10న ఇండియా ఇన్నింగ్స్ 8 పరుగుల తేడాతో గెలిచింది. అప్పటికి ఇరవై ఏళ్ళుగా టెస్టులు ఆడుతూ ఒక్కటీ గెలవని దేశానికి అది తొలి గెలుపు. పేరంతా వినూ మన్కడ్‌ది, మొదటి ఇన్నింగ్స్‌లో 55 పరుగులకు 8 వికెట్లు తీశాడు కాబట్టి. న్యాయమే. కానీ రెండో ఇన్నింగ్స్‌లో మన్కడ్‌కు నాలుగు వస్తే, గులాం అహ్మద్‌కూ నాలుగు వచ్చాయి. ఈ మాట మా మాస్టారు బ్లాక్‌బోర్డు మీద రాసి మరీ చెప్పారు. గెలిచిన రోజు ఇద్దరి చేతులూ ఉన్నాయిరా, ఒక చేతికే దండ వేస్తే రెండో చెయ్యి చిన్నబోతుంది అన్నారు.

అదే ఏడాది వేసవిలో ఇంగ్లండు వెళ్ళారు. లీడ్స్‌లో రెండో ఇన్నింగ్స్ మొదలుపెట్టగానే ఇండియా స్కోరు సున్నాకు నాలుగు వికెట్లు. ఫ్రెడ్ ట్రూమన్‌కు అది తొలి టెస్టు. ఆ అవమానం ఇప్పటికీ చెప్పుకుంటారు. అదే మ్యాచ్‌లో గులాం అహ్మద్ ఒక ఇన్నింగ్స్‌లో 5 వికెట్లు తీసిన సంగతి ఎవరూ చెప్పుకోరు. ఆ పర్యటనలో ఆయన మొత్తం మీద 80 వికెట్లు తీశాడు. జట్టు నిండా మునిగిన ఏడాది అది. మునిగిన జట్టులో మంచి బౌలరు కనబడడు.

అక్టోబరులో పాకిస్తాన్ వచ్చింది. రెండు దేశాల మధ్య మొదటి టెస్టు, ఢిల్లీలో. అక్కడ ఈయన చేసిన పని బంతితో కాదు, బ్యాటుతో. పదకొండో నంబరుగా దిగి, హేమూ అధికారికి తోడుగా నిలబడి 50 కొట్టాడు. చివరి వికెట్‌కు 109 పరుగులు. ఆ రికార్డు 2004లో ఢాకాలో సచిన్, జహీర్ కలిసి 133 కొట్టేదాకా, 52 ఏళ్ళు చెక్కుచెదరలేదు. పదకొండోవాడు ఎంతసేపు ఉంటాడులే అని మా మాస్టారు టీ తాగడానికి లేచారు. తిరిగి వచ్చాక కూడా ఆట సాగుతూనే ఉంది.

ఇక అసలు సంగతికి వస్తాను. 1950-51 రంజీ ట్రోఫీ. హైదరాబాదుకూ హోల్కర్‌కూ మ్యాచ్. హోల్కర్ అంటే ఇండోర్ మహారాజా జట్టు, సి.కె. నాయుడు గారు పెంచి పెద్ద చేసిన జట్టు. నాయుడు గారి పూర్వీకులు మన మచిలీపట్నం వాళ్ళే, ఆ సంగతి మరిచిపోకండి. ఇండియా మొట్టమొదటి టెస్టు కెప్టెన్ ఆయన. 1953-54లో ఆంధ్ర తొలిసారి రంజీ ఆడినప్పుడు, ఆ వయసులో, 58 ఏళ్ళప్పుడు, వచ్చి మన జట్టుకు కెప్టెన్‌గా నిలబడ్డాడు. ఆయన కథ ఇంకో రాత్రి చెబుతాను. ఆ హోల్కర్ బ్యాట్స్‌మెన్ ముందు గులాం అహ్మద్ ఒక్క ఇన్నింగ్స్‌లో 92 ఓవర్ల 3 బంతులు వేశాడు. 555 బంతులు! ఇచ్చిన పరుగులు 245, తీసిన వికెట్లు 4.

అబ్బాయ్, నవ్వకు. నాలుగు వికెట్లకు 245 పరుగులా అని నీకు అనిపించవచ్చు. మన మెట్ట బావుల దగ్గర మోట తోలే ఎడ్లను నువ్వు చూడలేదు. తెల్లవారుజామున కాడి కడితే బారి మీద ముందుకు దిగడం, వెనక్కి నడవడం, మళ్ళీ దిగడం. పొలం తడిసిందా లేదా అని అడుగుతారు గానీ ఎన్నిసార్లు దిగాయని ఎవరూ లెక్కపెట్టరు. గులాం అహ్మద్ చేసింది ఆ చాకిరీ. బ్యాట్స్‌మన్ కదలడం లేదు. అయినా బంతి ఆయన చేతికే ఇస్తున్నారు. ఆయన కాదనడం లేదు. ఇవాళ బౌలరు 25 ఓవర్లు వేస్తే పనిభారం అంటున్నారు, తర్వాతి మ్యాచ్‌కు విశ్రాంతి ఇస్తున్నారు. మంచిదే, ఒళ్ళు కాపాడుకోవాలి. కానీ ఆయన తీసిన ఆనాటి 68 టెస్టు వికెట్లను ఈనాటి తూకంతో తూస్తే ఎలా?

ఆయన ఆటను నేను కళ్ళారా చూశాను. 1955 నవంబరు. హైదరాబాదులో మొదటిసారి టెస్టు మ్యాచ్, ఫతే మైదానంలో, న్యూజిలాండ్ మీద. మొదలైంది 19న. కెప్టెన్ ఎవరనుకున్నారు? గులాం అహ్మద్. సొంత ఊళ్ళో, సొంత మైదానంలో జరిగే మొట్టమొదటి టెస్టుకు తనే కెప్టెన్. ఎంతమందికి దక్కుతుందిరా ఆ భాగ్యం? మా మేనమామ బేగంబజారుకు మిరపకాయలు తోలేవాడు. పద్దు వసూలుకు వెళుతుంటే కాళ్ళావేళ్ళా పడి నేనూ బయలుదేరాను. అప్పటికి మనం ఆంధ్ర రాష్ట్రం, కర్నూలు రాజధాని. హైదరాబాదు వేరే రాష్ట్రం. సరిహద్దు దాటాక హైదరాబాదు సర్కారు వారి ఆర్టీడీ బస్సు. సూర్యాపేట, నకిరేకల్, చౌటుప్పల్ మీదుగా ఒళ్ళు హూనమయ్యేదాకా ప్రయాణం.

ఆ మ్యాచ్‌లో పాలీ ఉమ్రిగర్ 223 కొట్టాడు, ఇండియావాడు టెస్టుల్లో చేసిన మొదటి డబుల్ సెంచరీ అది. బౌలింగ్‌లో సుభాష్ గుప్తే 128 పరుగులకు 7 వికెట్లు తీశాడు. మ్యాచ్ డ్రా అయింది. పేపర్ల నిండా ఉమ్రిగర్, గుప్తే. నా కళ్ళు మాత్రం ఆ పొడుగాటి మనిషి మీదే. ఎలా వేసేవాడో చూపిస్తాను, ఆ నిమ్మకాయ ఇటివ్వు. చూడు, చూపుడు వేలూ నడిమి వేలూ కుట్టు మీద ఎడంగా. పరుగు పెద్దగా లేదు, నడకకు కాస్త ఎక్కువ. చెయ్యి మాత్రం నిటారుగా, చెవిని రాసుకుంటూ పైకి లేచేది. అంత ఎత్తు మనిషి, అంత ఎత్తు నుంచి వదిలితే బంతి బ్యాట్స్‌మన్ కంటి కంటే పైన తేలుతూ వచ్చేది. వాడు తల ఎత్తాల్సిందే. తల ఎత్తినవాడి కాలు ఎక్కడ పడాలో తెలియక ఆగిపోతుంది. ఆ తటపటాయింపులో బంతి కిందికి జారి, పడి, వాడి కుడి నుంచి ఎడమకు కరిచేది. ఒక్కో ఓవర్లో ఆరూ ఒకేచోట పడ్డట్టు కనిపించేవి, ఆరూ వేరు. మా మేనమామకు క్రికెట్ ఓనమాలు తెలియవు. ఆయన కూడా 'ఇదేదో చెయ్యి తిరిగిన పనివాడురా' అన్నాడు.

ఆ తర్వాత మూడు వారాలకు, డిసెంబరు 10న, నెహ్రూ గారు నాగార్జునసాగర్‌కు పునాదిరాయి వేశారు. ముక్త్యాల రాజా గారు ఆ నందికొండ ప్రాజెక్టు కోసం ఎంత తిరిగారో మన తాలూకాల్లో పాతవాళ్ళకు తెలుసు. ఎడమకాలువ నీళ్ళు మన జగ్గయ్యపేట, నందిగామ పొలాలకు రావడానికి ఆ తిరుగుడే మూలం. మాట పక్కకు పోయింది, కానీ పోనివ్వండి, తాగే నీటికి కూడా కర్తలెవరో తెలిసి ఉండాలి.

ఇప్పుడు జాగ్రత్తగా వినండి. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. నైజాం సరిహద్దు చెరిగిపోయింది. నాకాలు లేవు, హద్దులు లేవు. ఆ రోజు మన ఊళ్ళో మామిడి తోరణాలు కట్టి పప్పుబెల్లాలు పంచారు. మర్నాడు నవంబరు 2న కలకత్తాలో ఆస్ట్రేలియా మీద టెస్టు మొదలైంది. ఆస్ట్రేలియా మొదట బ్యాటింగ్. 177కు అందరూ అవుట్. గులాం అహ్మద్ 49 పరుగులకు 7 వికెట్లు. రాష్ట్రానికి పురుడు పోసి ఒక్కరోజు. ఆ రాష్ట్రం మనిషి దేశంలోని ఒక పెద్ద మైదానంలో నిలబడి ఆస్ట్రేలియాను కూల్చేశాడు. రేడియోలో ఆ పేరు వినబడ్డప్పుడల్లా మేం కేకలు పెట్టాం. నిన్నటిదాకా 'అటువైపు ఆటగాడు' అన్న మనిషి ఆ పూట నుంచి మా మనిషి అయ్యాడు.

ఆ ఆస్ట్రేలియా ఎలాంటి జట్టో తెలుసా? నీల్ హార్వే, పీటర్ బర్జ్, రిచీ బెనో. ఇంగ్లండులో ఆడి ఇంటికి పోతూ దారిలో మన దేశంలో ఆగారు. అదే వేసవిలో, జులైలో, మాంచెస్టర్‌లో జిమ్ లేకర్ వాళ్ళ మీదే ఒక టెస్టులో 90 పరుగులకు 19 వికెట్లు తీశాడు. లేకరూ ఆఫ్‌స్పిన్నరే. గులాం అహ్మదూ ఆయనా ఒకే ఏడాది, 1922లో, పుట్టారు. లేకర్ పేరు లోకమంతా మోగింది. మూడు నెలల తర్వాత మన హైదరాబాదీ కలకత్తాలో రెండు ఇన్నింగ్స్‌లూ కలిపి 10 వికెట్లు తీస్తే, 94 పరుగుల తేడాతో మనం ఓడాం. ఎందుకంటే మనవాళ్ళు బెనో బౌలింగ్‌కు రెండుసార్లూ 136కే చాపచుట్టేశారు. బెనోకు 11 వికెట్లు. బౌలరు తన పని తాను చేశాడు. గెలవలేదని ఆ పదీ తగ్గుతాయా?

చివరి మాట కూడా చెప్పాలి, దాచను. 1958-59లో వెస్టిండీస్ వచ్చింది. ఆ సిరీస్‌లో ఇండియాకు నలుగురు కెప్టెన్లు. కాన్పూరులో, కలకత్తాలో గులాం అహ్మద్ కెప్టెన్. కాన్పూరులో గుప్తే ఒక ఇన్నింగ్స్‌లో 9 వికెట్లు తీసినా ఓడాం. కలకత్తాలో రోహన్ కన్హాయ్ 256 కొట్టాడు, వాళ్ళు 614 చేశారు, మనం ఇన్నింగ్స్ 336 పరుగుల తేడాతో ఓడాం. జనం మండిపడ్డారు. ఆయన అక్కడితో టెస్టులు మానేశాడు. సిరీస్ మధ్యలో వదిలేసి పోయాడని నిందించినవాళ్ళు ఉన్నారు. ఆ మ్యాచ్ మొదలైంది 1958 డిసెంబరు 31న. ఆయన తొలి టెస్టు మొదలైంది 1948 డిసెంబరు 31న, అదే కలకత్తాలో. సరిగ్గా పదేళ్ళు, రోజుకు రోజు. 22 టెస్టులు, 68 వికెట్లు. ఆ పదేళ్ళలో ఇండియా ఆడినవి 38, అన్నిటిలో ఆయన లేడు. మొత్తం ఫస్ట్‌క్లాస్ ఆటలో 407 వికెట్లు, ఒక్కోటి 22 పరుగుల చిల్లరకు.

కెప్టెన్‌గా ఆయన ఒక్క టెస్టూ గెలవలేదు, నిజమే. కానీ నేను ఓటు అడుగుతున్నది కెప్టెన్‌కు కాదు, బౌలరుకు.

ఇప్పుడు మీ తగువుకు వద్దాం. క్రికెట్‌కు కూడా 2009లో ఐసీసీ ఒక హాల్ ఆఫ్ ఫేమ్ పెట్టింది. మొదటి విడతలోనే 55 మంది పేర్లు ఎక్కించారు. లేకర్ ఉన్నాడు. మనవాళ్ళలో గవాస్కర్, బేడీ, కపిల్. తర్వాత కుంబ్లే, ద్రావిడ్, సచిన్ వెళ్ళారు. బేడీకి 266 వికెట్లు, కపిల్‌కు 434, కుంబ్లేకు 619. ఈ అంకెల పక్కన 68 పెట్టి చూపిస్తే ఎవరైనా తల అడ్డంగానే ఊపుతారు. వీడి వాదన అదే కదా!

అయితే 2021లో ఏం చేశారో చూడండి. ఆటను ఐదు కాలాలుగా విడదీసి, ఒక్కో కాలం నుంచి ఇద్దరిని ఎంచారు. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక 1970 దాకా ఉన్న కాలంలోంచి వినూ మన్కడ్‌ను తీసుకున్నారు. ఆయన పోయి అప్పటికి నాలుగు దశాబ్దాలు దాటింది. 44 టెస్టుల్లో 162 వికెట్లు, రెండు వేల పైచిలుకు పరుగులు. మన్కడ్‌ను తీసుకోవడమంటే ఆ కాలాన్ని ఆ కాలపు కొలతతోనే కొలవాలని ఒప్పుకోవడమే. 2024లో నీతూ డేవిడ్‌ను తీసుకున్నారు. ఎడమచేతి స్పిన్నరు. ఆ అమ్మాయికి ఆడడానికి దొరికిన టెస్టులే 10, వికెట్లు 41. దొరికిన అవకాశాలెన్ని, వాటిలో ఏం చేసింది అని చూశారు. చాలా మంచి పని చేశారు. 1995లో జంషెడ్‌పూర్‌లో ఇంగ్లండ్ మీద 53 పరుగులకు 8 వికెట్లు తీసిన మనిషి ఆమె. మరి ఆ చూపే గులాం అహ్మద్ మీద ఎందుకు పడదు?

మా రోజుల్లో వాదించే మిత్రుడొకడు జగ్గయ్యపేటలో ఉండేవాడు, బజారులో బట్టల కొట్టు. వాడి మాట నాకు ఇప్పటికీ గుర్తుంది. 'సుభాష్ గుప్తేకు 149 వికెట్లు, ప్రసన్నకు 189, చంద్రశేఖర్‌కు 242. వాళ్ళకు లేని పీట నీ గులాం అహ్మద్‌కు ఎందుకోయ్' అనేవాడు. గట్టి ప్రశ్నే. నా జవాబు ఇది: వాళ్ళకూ పీట వెయ్యాలి, ముగ్గురికీ వెయ్యాలి. వాళ్ళకు వెయ్యలేదు కాబట్టి ఈయనకూ వద్దంటే అది న్యాయం కాదు, ఒక తప్పును ఇంకో తప్పుతో కప్పడం. పైగా ఆఫ్‌స్పిన్ సంగతి వేరుగా ఆలోచించండి. ఇవాళ అశ్విన్‌కు 537 టెస్టు వికెట్లు. ఆయనకు ముందు హర్భజన్‌కు 417. వాళ్ళకు ముందు వెంకటరాఘవన్, ప్రసన్న. ఆ వరసలో ప్రసన్నకు ముందు నిలబడ్డదెవరు? ఎత్తయిన చేత్తో, గాల్లో తేల్చి, కుడిచేతి ఆఫ్‌బ్రేక్‌తో పెద్ద పెద్ద జట్లను కట్టిపడేయొచ్చని ఈ దేశానికి మొదట చూపించిన పెద్ద బౌలరు గులాం అహ్మదే. హైదరాబాదులో ఆయన తర్వాత శివలాల్ యాదవ్ వచ్చాడు, 102 వికెట్లు తీశాడు. అర్షద్ అయూబ్ వచ్చాడు. వీళ్ళంతా ఆయన నడిచిన బాటలో వచ్చినవాళ్ళే.

ఆట మానేశాక కూడా ఆయన ఆటను వదల్లేదు. బోర్డు కార్యదర్శిగా చేశాడు. 1983లో ప్రపంచ కప్‌కు వెళ్ళిన జట్టును ఎంచిన సెలక్షన్ కమిటీకి అధ్యక్షుడు ఆయనే. ఆ జట్టు మేనేజరు మాన్ సింగ్ గారూ హైదరాబాదీయే. జూన్ 25న లార్డ్స్‌లో 183 పరుగులే చేసి, వెస్టిండీస్‌ను 140కే ఆపి కప్పు పట్టుకున్నప్పుడు కపిల్ ఫొటో ఇంటింటా గోడకెక్కింది. ఎక్కాల్సిందే. ఆ పధ్నాలుగు మంది పేర్లు కాగితం మీద రాసిన పెద్దమనిషి పేరు ఎవరూ అడగలేదు. ఇంకో విచిత్రం చెబుతాను. ఆయన మేనల్లుడు ఆసిఫ్ ఇక్బాల్ హైదరాబాదులో పుట్టి, పాకిస్తాన్ వెళ్ళిపోయి, ఆ దేశానికి కెప్టెన్ అయ్యాడు. ఒక్క ఇంట్లోంచి రెండు దేశాలకు ఇద్దరు కెప్టెన్లు.

1998 అక్టోబరు 28న గులాం అహ్మద్ హైదరాబాదులో పోయాడు. అప్పటికి ఐసీసీ హాల్ ఆఫ్ ఫేమ్ పుట్టనే లేదు. బతికుండగా చేతికివ్వలేకపోయారు, సరే. మన్కడ్‌కూ పోయాకే ఇచ్చారుగా!

ఆటగాడు తన కోసం తాను అడగలేడు, పోయినవాడు అసలే అడగలేడు. ఆ గొంతు ఆ గడ్డ మీదివాళ్ళే ఇవ్వాలి. హైదరాబాదు వాళ్ళకు ఆ బాధ్యత ఉంది. మనకూ ఉంది. మచిలీపట్నం మూలాలున్న సి.కె. నాయుడును మనవాడని గొప్పగా చెప్పుకుంటాం. ఈ రోడ్డు చివర పుట్టి పెరిగిన గులాం అహ్మద్‌ను అలా చెప్పుకోవడానికి ఏమడ్డం?

అందుకని మీలో ఇంగ్లీషు బాగా వచ్చినవాళ్ళు పూనుకోండి. ఆ మొదటి టెస్టు తేదీ, చేపాక్కంలో నాలుగు వికెట్లు, ఢిల్లీలో 50, హోల్కర్ మీద 92 ఓవర్ల 3 బంతులు, కలకత్తాలో 49కి 7, అన్నీ వరసగా పెట్టి ఐసీసీకి ఒక అర్జీ రాయండి. హైదరాబాదు క్రికెట్ సంఘానికి ఒకటి, ఆంధ్ర క్రికెట్ సంఘానికి ఒకటి పంపండి. కింద నా సంతకం కూడా పెట్టిస్తే, రేపు పొద్దున్నే పెడతాను.